నిత్యజీవితమందు భేదబుద్ధి



సాక్ష్యము వినక తీర్పు చెప్పరాదనుట న్యాయస్థానమందలి మొదటి నియమము. ఒక మనుష్యుని మాట వినకయే, వాని నడవడి చూడకయే, వానిని గూర్చి మనస్సులో తీర్పు వ్రాసికొనుటకు దురభిప్రాయమని పేరు. ఆ తీర్పు ననుసరించి వానిని దూరముగా నుంచుటకు భేదబుద్ధి యని పేరు. ఈ రెండును పెద్ద కలహములయందు మాత్రమే కనబడునని సామాన్యముగా తలంతురు. ఇరువది సంవత్సరములకు పైగా తరగతిగదులలో నిలిచి మేము గమనించినది వేఱు. ఇవి చిన్న వస్తువులయందే ఎక్కువగా కాపురముండును. నీళ్లకుండ, కూర్చుండు చోటు, అన్నపుపళ్లెము, నోటిమాట: ఈ నాలుగింటిని ఒక్కొక్కటిగా పరిశీలించుటయే ఈ పాఠము యొక్క ఉద్దేశము.

ముందుగా ఒక సంగతి గ్రహింపుడు. ఏ బిడ్డయు భేదబుద్ధితో పుట్టదు. మూడేండ్ల బిడ్డ ఏ యింటి వాకిట నైనను ఆడుకొనును, ఎవరు మిఠాయి యిచ్చినను తినును. ఎనిమిదేండ్లు వచ్చునప్పటికి ఎవరి వాకిట ఆడుకొనరాదో, ఎవరి చేతిది తినరాదో దానికి తెలిసిపోవును. దీనిని ఎవరును కూర్చుండబెట్టి బోధింపలేదు. అవ్వ కనుసైగ, తండ్రి గొంతులోని మార్పు, వీధిలో వినబడిన నవ్వు, ఇవియే గురువులు. నేర్చుకొనబడిన దానిని విడిచిపెట్టుటకును వీలున్నది. వీలు లేనియెడల పాఠశాలలతో పని లేదు.

నీళ్లకుండ

యోహాను సువార్త నాలుగవ అధ్యాయమందు మన ప్రభువు మధ్యాహ్నపువేళ సమరయలోని బావియొద్ద కూర్చుండి, నీళ్లు చేదుటకు వచ్చిన స్త్రీని దాహమడిగెను. ఆమె ఆశ్చర్యపడెను. ఏలయన, యూదులు ఆమె జాతివారితో పొత్తు పెట్టుకొనరు. ప్రభువు ఆమెకు ఉపదేశము చేయుటకు ముందు ఆమె చేతినీళ్లను కోరెనని గమనింపుడు. ఇచ్చుటకు వచ్చినవాడు మొదట పుచ్చుకొనువాడై కూర్చుండెను. దానము చేయుట అంత కష్టము కాదు. తక్కువవారని లోకము చెప్పినవారి చేతినుండి పుచ్చుకొనుటయే కష్టము.

మన దేశమందు ఈ నీటికథ చాల పొడుగైనది. ఆంగ్లేయుల పరిపాలనకాలమున రైలుస్టేషనులలో హిందువులకు వేఱుగను, మహమ్మదీయులకు వేఱుగను నీళ్లు పోయుచుండిరి. బండి యొకటి, ఎండ యొకటి, దాహ మొకటి. కుండలు మాత్రము రెండు. తమ చేతితో ఏ కుండను ముట్టుటకును వీలు లేనివారు వేఱుగ నుండిరి. 1927 మార్చి 20వ తేదీన బొంబాయి రాజధానిలోని మహద్ పట్టణమందు డాక్టరు అంబేద్కరుగారు వేలకొలది జనముతో చౌదారు చెఱువునకు నడచి వెళ్లి దోసిలితో నీళ్లు త్రాగిరి. పశువులకు అడ్డులేని చెఱువులో మనుష్యులు నీళ్లు త్రాగుటకు అంత యుద్యమము కావలసివచ్చెను. పిమ్మట ఊరిపెద్దలు కొందఱు కుండలకొలది పంచగవ్యము పోసి ఆ చెఱువును శుద్ధిచేసిరి. చెఱువుపై హక్కును గూర్చిన వ్యాజ్యము పదియేండ్లు సాగి, 1937లో బొంబాయి హైకోర్టునందు అంబేద్కరుగారి పక్షమున ముగిసెను.

1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము 17వ అధికరణమందు అస్పృశ్యతను రద్దుచేసినది. 15వ అధికరణమందు బావులు, చెఱువులు, స్నానఘట్టములు, రహదారులు అని పేరుపేరున చెప్పి, కులమును బట్టిగాని మతమును బట్టిగాని అక్కడ ఎవరికిని అడ్డు చెప్పరాదని శాసించినది. అస్పృశ్యతను పాటించువారిని శిక్షించుటకు 1955లో చట్టము వచ్చెను. ఒక దేశపు మూలశాసనము బావిని పేరుపెట్టి చెప్పవలసివచ్చినదనిన, ఆ బావి యెంత లోతైనదో యోచింపుడు.

చట్టము వచ్చిన ముప్పదియేండ్లకు మన కోస్తా ప్రాంతమందే కారంచేడు గ్రామమున మాదిగవారు త్రాగునీరు తెచ్చుకొను చెఱువునొద్ద ఒక తగవు పుట్టెను. పశువులకు కుడితి పెట్టిన బాల్చిని అక్కడ కడుగుచుండగా, అవి తాము త్రాగు నీళ్లని మాదిగవారు అభ్యంతరము చెప్పిరి. అంతియే మొదలు. మఱునాడు, అనగా 1985 జూలై 17న, మాదిగపల్లెపై దాడి జరిగెను. ఆఱుగురు చంపబడిరి. మిగిలిన కుటుంబములు చీరాలకు పోయి తలదాచుకొనెను. ఒక బాల్చి నీళ్లు ఆఱుగురి ప్రాణములు తీయలేవు. అంతకుముందు ఏండ్ల తరబడి జరిగిన చిన్న అవమానములను చూచినవారు ఊరకుండిరి. వానిని సహించువారు ఎల్లకాలము సహింతురని చేయువారు నమ్మిరి. ఆ నమ్మకమే చంపినది.

ఇక పాఠశాల కుండయొద్దకు రండు. కొన్ని యేండ్ల క్రిందట మేము పనిచేసిన ఒక గ్రామపు బడిలో ఆఱవ తరగతి బాలుడొకడు మధ్యాహ్నము గంట కొట్టగానే, చాల దూరమందున్న తన యింటికి పరుగెత్తి నీళ్లు త్రాగి, చెమటలతో తిరిగివచ్చుచుండెను. వరండాలో కుండ నిండుగానే యుండెడిది. దానిని ముట్టవలదని వానితో ఎవరును చెప్పియుండలేదు. “ఎందుకు నాయనా ఇంత పరుగు?” అని మేమడుగగా, “ఇక్కడ త్రాగితే ఎవరైనా ఏమైనా అంటారేమోనని మా అమ్మ వద్దందండి” అని చెప్పెను. ఆ తల్లి తన బాల్యమందు తాను విన్న మాట కుమారుని చెవిని పడకుండ కాచుకొనుచుండెను. అడ్డు పోయినను భయము మిగిలియుండెను. మా ప్రధానోపాధ్యాయులు ఈ సంగతి విని ఏమియు ఉపన్యసింపలేదు. మఱునాడు అందఱు పిల్లలును చూచుచుండగా కుండయొద్ద నిలిచి, ఆ బాలుని పేరుపెట్టి పిలిచి, “దాహమగుచున్నదిరా, కాసిన్ని నీళ్లు ముంచి యిమ్ము” అనిరి. ఆయన త్రాగిరి. పిమ్మట మేమును అడిగి త్రాగితిమి. నాటినుండి ఆ బాలుడు పరుగు మానెను.

కూర్చుండు చోటు

ఆదిసంఘమందే ఈ జబ్బు మొదలైనదని యాకోబు పత్రిక రెండవ అధ్యాయము చదివినవారికి తెలియును. బంగారు ఉంగరము పెట్టుకొనిన వానికి మంచి స్థలము, మాసిన బట్టలవానికి కాళ్లయొద్ద స్థలము చూపువారిని అపొస్తలుడు గద్దించెను.

మన తెలుగుదేశమందలి మిషను చరిత్రలో ఈ ప్రశ్న ఒంగోలున వచ్చినది. 1866లో అక్కడకు వచ్చిన జాన్ ఎవరెట్ క్లౌ దొరగారి బడికి అగ్రకులముల పిల్లలు వచ్చుచుండిరి. అంతలో యఱ్ఱగుంట్ల పేరయ్యగారను మాదిగ విశ్వాసి సాక్ష్యమువలన, తోళ్లపని చేయు పేదలు జ్ఞానస్నానము కోరి వచ్చిరి. వీరిని చేర్చుకొన్నచో మేము రామని పెద్దకులములవారు చెప్పిరి. ఏమి చేయుటకును తోచక, దొరగారును దొరసానిగారును వేఱువేఱుగా బైబిలు తెఱవగా, ఇరువురికిని కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయమే కనబడెనట. లోకము నీచులని యెంచినవారిని దేవుడు ఏర్పరచుకొనుటను గూర్చిన భాగమది. ఈ సంగతిని దొరగారు తమ జీవితకథలో చెప్పిరి. పేదలు చేర్చుకొనబడిరి, అగ్రకులముల పిల్లలు బడి మానిరి.

ఈ కథను మనము సంతోషముతో చెప్పుకొందుము. దాని తరువాయి కథను మాత్రము తక్కువగా చెప్పుకొందుము. ఒకే బల్లయొద్దకు వచ్చిన మాల విశ్వాసులును మాదిగ విశ్వాసులును చాల ఊళ్లలో వేఱువేఱు మందిరములు, వేఱువేఱు శ్మశానములు ఉంచుకొనిరి. పైకులములనుండి వచ్చినవారు వియ్యము తమలోనే అందుకొనిరి. నేటికిని పెండ్లిసంబంధముల ప్రకటనలలో క్రైస్తవులను మాట ప్రక్కన కులము పేరు కూడ అచ్చగుచున్నది. తన నెత్తిన కూర్చున్న వానిని నిందించువాడు తాను కూర్చుండుటకు మఱియొకని నెత్తి వెదకుచున్నాడు. కావున భేదబుద్ధి పైవారికే పట్టు జబ్బు కాదు. పల్లెలోను పట్నములోను, గుడిలోను మందిరములోను ఇది దొరకును.

ఈ బాధను మన గుఱ్ఱం జాషువ కవిగారి (1895-1971) కంటె బాగుగా చెప్పినవారు లేరు. వినుకొండలో పుట్టి, ఉపాధ్యాయుడై, ప్రౌఢమైన పద్యము వ్రాసిన ఆయనను పుట్టుకను బట్టి కొందఱు సభలలో చిన్నచూపు చూచిరి. పురాణకథలు వ్రాసెనని సంఘములోనివారు కొందఱు తప్పుపట్టిరి. 1941 నాటి ‘గబ్బిలము’ కావ్యమందు ఒక పేదవాడు కాశీలోని శివునికి తన మొఱ నంపవలసివచ్చి, గబ్బిలమును దూతగా ఎన్నుకొనును. ఏలయన, వానికి ప్రవేశము లేని గుడిలోనికి గబ్బిలమునకు ప్రవేశమున్నది. ఆ క్రైస్తవ కవి ‘క్రీస్తుచరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము వచ్చినది. ఆయనకు ఇరుపక్కల చోటు దొరకనినాడు, తెలుగుభాషయే చోటిచ్చినది.

అన్నపుపళ్లెము

తల్లిదండ్రులు మమ్ము అడుగు ప్రశ్న యొకటి కలదు. “ఎవరి ఆచారము వారిది గదా, తిండిలో భేదము పాటించుటయు తప్పేనా?” అని. ఇది న్యాయమైన ప్రశ్న. దీనికి మేము చెప్పు ఉత్తరమిది: ఆ ఆచారము ఎవరిని కట్టుచున్నదో చూడుడు. నేను మాంసము తినను అనువాడు తన్ను తాను కట్టుకొనుచున్నాడు. అది వాని సంస్కృతి, దానిని గౌరవింపవలయును. నీవు నా ప్రక్కన కూర్చుండి తినరాదు అనువాడు ఎదుటివానిని కట్టుచున్నాడు. అది భేదబుద్ధి, దానిని గౌరవింపనక్కఱలేదు. ఉపవాసముండువాడు, హలాలు మాంసమే తినువాడు, ఉల్లి ముట్టనివాడు, ఎండుచేపలు లేక ముద్ద దిగనివాడు, నలుగురును ఒకే వరుసలో కూర్చుండవచ్చును. భేదములుండుట తోటకు అందము. వానికి ఎత్తుపల్లములు కట్టుటయే కీడు.

ఈ కొలతబద్దను వసతిగృహములలో ఉపయోగింపుడు. ఒకని పెట్టెలో ఎండుచేపల వాసన వచ్చెనని ముక్కు మూసికొని నవ్వువారు, వాని తల్లి ఆ పొట్లము కట్టునప్పుడు ఏమి తలంచెనో తలంపరు. మఱియొకడు శాకాహారి యని వాని పళ్లెములో ఎముక వేయు వేళాకోళమును అంతే తప్పు. అక్కడ కూడ ఒకడు మఱియొకని కట్టుచున్నాడు.

మన వంట మనదే యని గర్వించువారికి ఒక చిన్న చరిత్రపాఠము. గుంటూరు మిరపకాయ గుంటూరున పుట్టినది కాదు. అమెరికా ఖండమందు పుట్టి, 1498 తరువాత మన తీరమునకు వచ్చిన పోర్చుగీసువారి మూలమున మనకు చేరినది. అంతకుముందు మన పెద్దల కూరలకు కారము మిరియములవలన వచ్చెడిది. వేరుశనగ, టమాటా, బొప్పాయి, జామ అన్నియు ఆ ఖండమునుండి వచ్చినవే. సీతమ్మ పేరు పెట్టుకొనిన సీతాఫలము సైతము అక్కడిదే. పరదేశపు కాయను పచ్చడి చేసికొని, పొరుగింటి మనుష్యుని పరాయివాడనుట ఎంత వింత!

గోదావరి లంకలలో గన్నవరమందు డొక్కా సీతమ్మగారు (1841-1909) ఆకలితో వచ్చినవానికి కులమేదని అడుగక అన్నము పెట్టిరి. ఆమె శ్రోత్రియ బ్రాహ్మణకుటుంబపు ఇల్లాలు. తన ఆచారము విడువలేదు, ఎవరిని ఆకలితో పంపలేదు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్నభోజన పథకమునకు ఆమె పేరు పెట్టినది. అట్టి పథకములలో వంట పనులకు దళితులకు, గిరిజనులకు ప్రాధాన్యమీయవలెనని సుప్రీంకోర్టు 2004లోనే ఆదేశించినది. అయినను వండిన స్త్రీ కులము తెలిసికొని, ఆ యన్నము తినవలదని బిడ్డలను ఆపిన పెద్దల వార్తలు దేశమందు పలుతావులనుండి వచ్చినవి. అట్టివారు బిడ్డలకు ఆకలినే కాక, ఒక పాఠమును కూడ పెట్టిరి.

నోటిమాట

కుండను, బల్లను, పళ్లెమును చట్టము చూడగలదు. నోటిమాటను చూచుట కష్టము. క్రొత్తవానిని చూడగానే “మీ యింటిపేరేమి? మీది ఏ ఊరు? ఏ వీధి?” అని మూడు ప్రశ్నలు వేయుదురు. మూడింటికిని అర్థ మొకటే, కులమేది అని. అద్దెయిల్లు అడుగబోయిన వానికి, పేరు బైబిలు పేరైనను మహమ్మదీయుల పేరైనను, అంతవఱకు ఖాళీగా నున్న యిల్లు అప్పుడే నిండిపోవును. కులము పేరును తిట్టుగా వాడుదురు. మేనిచాయను బట్టి ఆడుపిల్లకు పేరు పెట్టుదురు. అడిగినచో, తమాషాకన్నాము అందురు. తమాషాలో నవ్వువారు ఇరువది మంది, నవ్వనివాడు ఒకడు. ఆ ఒకని ముఖము చూచుట నేర్చుకొనుడు.

యాసను గూర్చి కూడ చెప్పవలసియున్నది. శ్రీకాకుళపు బాలుడు నోరు తెఱచినను, పాలమూరు బాలుడు నోరు తెఱచినను, చిత్తూరు బాలుడు నోరు తెఱచినను, తక్కిన తరగతి నవ్వును. ఒకే కాయను కొందఱు ఆనపకాయ యందురు, కొందఱు సొరకాయ యందురు. కూర రుచి మాఱదు. శుద్ధమైన తెలుగు మాదే యనువాడు కూర్చున్న కుర్చీ అరబ్బీ మాట. వాడున్న జిల్లాయు అరబ్బీ మాటయే. వాని అలమారయు చొక్కా బొత్తామును పోర్చుగీసు మాటలు. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు (1863-1940) అడవిలోని సవరల మాటను విని నవ్వలేదు. దానిని నేర్చుకొనిరి, వారికి బడులు పెట్టించిరి, వారి భాషకు 1931లో వ్యాకరణమును, 1938లో నిఘంటువును ప్రకటించిరి. పండితుడు విద్యార్థియై కూర్చుండిన చోట భేదబుద్ధికి చోటు లేదు.

మన క్రైస్తవగృహములలోను విడువదగిన మాట యొకటి కలదు. హిందువులైన, మహమ్మదీయులైన ఇరుగుపొరుగువారిని ‘అన్యులు’ అని పిలుచు వాడుక యది. మన యింట జ్వరము వచ్చినప్పుడు గంజి కాచి తెచ్చినది వారే, వారి పెండ్లిపందిరికి గుంజలు పాతినది మనవారే. పొరుగువాడెవడని ఒక ధర్మశాస్త్రోపదేశకుడు అడిగినప్పుడు, ప్రభువు మంచివాడుగా చూపినది తన జాతివానిని కాదు, సమరయుని.

ఆచరింపవలసినవి

విద్యార్థులు ఈ క్రింది నియమములను వ్రాసికొని, ఒక సంవత్సరము పరీక్షించి చూతురుగాక.

1. ఎవరి కులమును అడుగవలదు. తెలిసినను, దానితో వాని గుణమును లెక్కింపవలదు. “ఆ జాతివారందఱు ఇంతే” అని నోట వచ్చినప్పుడు, ఆ జాతిలో మీకు తెలిసినవారు ఎందఱో వ్రేళ్లమీద లెక్కించుకొనుడు.

2. తరగతిలో నెలకొకసారి కూర్చుండు చోటు మార్చుకొనుడు. ఎప్పుడును ఒకే గుంపుతో అన్నము తినవలదు.

3. పరిహాసమునకు గుఱియైన వానితో కలిసి నిలువుడు. పెద్ద ఉపన్యాస మక్కఱలేదు. నవ్వకుండుట చాలును, వాని ప్రక్కకు పోయి కూర్చుండుట ఇంకను మేలు.

4. మీ యాచారమును సిగ్గుపడక పాటింపుడు. అది మిమ్ము కట్టుచున్నదా, ఎదుటివానిని కట్టుచున్నదా యని అప్పుడప్పుడు పరీక్షించుకొనుడు.

తల్లిదండ్రులకు మా మనవి యొకటే. మీ పిల్లలకు మీరేమి చెప్పుదురో వారు మఱతురు, మీరు పనిమనిషికి ఏ గ్లాసులో కాఫీ పోయుదురో మఱవరు. బడిలో ఏడు గంటలు మేము చెప్పిన పాఠమును వంటింటి అలమారలో వేఱుగా బోర్లించిన ఆ ఒక్క గ్లాసు చెఱపివేయగలదు. దానిని తక్కినవానితో కలుపుడు.

విద్యార్థులారా, వేసవి సెలవులకు మీ మీ ఊళ్లకు పోవుచున్నారు. ప్రతి ఊరిలోను మీరు ఇంతవఱకు అడుగుపెట్టని వీధి యొకటి యుండును. అక్కడ మీ తరగతివాడు ఎవడైన నుండవచ్చును. వాని యింటికి పొండు. ఏమియు ఇచ్చుటకు కాదు. చాపమీద కూర్చుండి, వాని తల్లిని, “అమ్మా, దాహమగుచున్నది, మంచినీళ్లు ఇప్పించుడు” అని అడుగుడు.